మల్లి మోయగలిగినంత బరువు

మా ఊరు అనంతపురం పక్కన, బుక్కరాయసముద్రం మండలంలో ఉంది. ఇంటి వెనుక మూడెకరాల చీనీ తోట, బోరు నీటితో పెరిగే కొద్దిపాటి గడ్డి నేల, రెండు ఎనుములను కట్టేసే కొట్టం, ఇవే మా ఆస్తి. మా ఆయన సేద్యం చూసుకుంటారు, నేను బడిలో పాఠాలు చెబుతాను. ఒక తిరునాళ్ళలో టట్టు మీద ఐదు నిమిషాలు కూర్చుని వచ్చిన రోజు నుంచి మా పిల్లలిద్దరినీ గుర్రం కోరిక వదలలేదు. అప్పటికి అమ్మాయికి పదేళ్ళు, అబ్బాయికి ఏడేళ్ళు. చోటుంది, నీళ్ళున్నాయి, పశువులను సాకడం తెలిసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నారు, ఇంకేం కావాలని మేమూ అనుకున్నాము.

మొదట మేము పోయింది పెండ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒక వ్యాపారి దగ్గరికి. ఆయన నాలుగేళ్ళ మగ గుర్రాన్ని చూపించాడు. నల్లని ఒళ్ళు నిగనిగలాడుతోంది, మెడ ఎత్తి నిలబడితే చూడముచ్చటగా ఉంది. మా ఆయన బయానా ఇవ్వడానికి కూడా సిద్ధపడ్డారు. ఆ సాయంత్రం మా బడిలో పనిచేసే ఒక టీచరమ్మ తన అన్నయ్యకు ఫోన్ కలిపి ఇచ్చింది. ఆయన పశువైద్యుడు, కొన్నేళ్ళు బెంగళూరులో గుర్రాలకు వైద్యం చేసి వచ్చినవాడు. నేను చెప్పిందంతా విని ఆయన ఒకటే మాట అన్నారు: "ఏమీ రాని పిల్లలకు ఏమీ రాని గుర్రాన్ని ఇవ్వకండమ్మా. ఇద్దరిలో ఒకరికైనా పని తెలిసి ఉండాలి." పిల్లల స్వారీకి పన్నెండేళ్ళు దాటిన గుర్రమే మేలని, ఉరుకులు పరుగులు తీరిపోయి నిదానం వచ్చిన గుర్రం పిల్లవాడు తప్పు చేసినా ఓర్చుకుంటుందని వివరించారు. కొనడం కంటే, పనికిరాదని వదిలేస్తే ఎవరో కాపాడి సాకుతున్న గుర్రాన్ని దత్తత తీసుకోవచ్చునన్న సంగతి మొదట చెప్పినదీ ఆయనే. ఆ తరువాత మల్లి విషయంలో మేము వేసిన ప్రతి అడుగూ ఆయనను అడిగే వేశాము.

ఆయన చెప్పిన జంతు సంరక్షణ కేంద్రం బెంగళూరు శివార్లలో ఉంది. మేము ఉత్తరం రాసిన నాటి నుంచి గుర్రం మా కొట్టంలో అడుగుపెట్టే దాకా ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ అప్పట్లో నాకు విసుగు పుట్టించిన మాట నిజమే కానీ, వాళ్ళు అడిగిన ఒక్క ప్రశ్న కూడా వృథా కాలేదని ఇప్పుడు తెలుస్తోంది. గడ్డి ఎక్కడి నుంచి వస్తుంది, బోరు ఎండితే నీళ్ళెలా, రాత్రిపూట పలికే వైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడు, పిల్లలకు మోజు తీరిపోతే సాకేది ఎవరు అని అడిగారు. ఒప్పంద పత్రంలో షరతులు స్పష్టంగా ఉన్నాయి. గుర్రం మీద హక్కు కేంద్రానిదే, సాకే బాధ్యత మాది. అమ్మకూడదు, బాడుగకు ఇవ్వకూడదు, ఊరేగింపులకు పంపకూడదు, ఈనించకూడదు, సాకలేని పరిస్థితి వస్తే తిరిగి వాళ్ళకే అప్పగించాలి. వైద్యుడు సరేననే దాకా ఎవరూ ఎక్కకూడదన్నది చివరి షరతు. అది చదివి మా అబ్బాయి ముఖం చిన్నబోయింది.

అక్కడే మల్లిని మొదటిసారి చూశాము. కన్నడంలో వాళ్ళు పెట్టుకున్న పేరు మల్లిగె, మా పిల్లల నోట అది మల్లి అయింది. తెల్లని ఆడ గుర్రం, ఎత్తు 52 అంగుళాలు, పక్కటెముకలు లెక్కపెట్టేటంత సన్నం. ఏళ్ళ తరబడి పెండ్లికొడుకులను మోసి, ఆఖరికి కుంటుతూ రోడ్డు పక్కన నిలబడి ఉండగా దాన్ని కాపాడారట. కుడి కంటిలో పాలపొర లాంటిది కమ్మి ఉంది. నోటి మూలల్లో తెల్లని మచ్చలు, నాలుక అంచున పాత గాటు ఉన్నాయి. అవి ముళ్ళ కళ్ళెం చేసిన గాయాలని అక్కడి అమ్మ చూపించింది. బండి లాగే, బరువు మోసే జంతువులకు ముళ్ళున్న కళ్ళెం వాడకూడదని 1965 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాల్లోనే ఉంది. అయినా ఆ నోటిలో గాయాలు అన్ని ఉన్నాయి.

దానమిచ్చిన ఆవుకు పళ్ళు పట్టి చూడకూడదన్నది పెద్దల మాట. గుర్రాన్ని దత్తత తీసుకునేవాళ్ళు మాత్రం పళ్ళు చూసి తీరాలి, ఎందుకంటే దాని వయసు, అది తినగలిగే తిండి రెండూ అక్కడే తెలుస్తాయి. మాతో వచ్చిన డాక్టరు గారు మల్లి పై పెదవిని మెల్లగా ఎత్తి, ముందరి పళ్ళ వరుసలో చివరన ఉన్న పన్నును మా అమ్మాయికి చూపించారు. ఆ పన్ను మీద పదేళ్ళ వయసు దగ్గర చిగురు అంచున గోధుమ రంగు గాడి ఒకటి మొదలవుతుంది. పదిహేనేళ్ళకు అది సగం పన్ను దాకా దిగుతుంది, ఇరవై ఏళ్ళకు పన్ను పొడవునా కనిపిస్తుంది, ఆ తరువాత పైనుంచి మాసిపోతూ వస్తుంది. మల్లి పన్ను మీద గాడి ముప్పాతిక వంతు దిగి ఉంది. అంటే పదిహేడు, పద్దెనిమిదేళ్ళు. దవడ పళ్ళ అంచులు కత్తుల్లా సాగి బుగ్గ లోపలి భాగాన్ని కోస్తూ ఉండేవని, రెండు నెలల కిందటే వాటిని ఆకురాయితో అరగదీశారని, ఏటా అలా చేయించాలని చెప్పారు. అంత సేపూ మల్లి కదలకుండా నిలబడి, తన ముక్కు దగ్గరున్న మా అమ్మాయి జడను వాసన చూసింది. ఆ రోజే మా నిర్ణయం జరిగిపోయింది.

అయితే మల్లి ఒంటరిగా రాలేదు. గుర్రం మందలో బతికే జంతువు, తోడు లేకపోతే దిగులుతో తిండి మానేస్తుంది. కేంద్రంలో దానికి గుండ అనే ముసలి గాడిదతో జత కుదిరింది. ఒకదాన్ని పక్కకు తీసుకుపోతే రెండోది గొంతు చించుకునేది. తీసుకుంటే రెండింటినీ తీసుకోవాలన్నారు. మా ఆయన ఒక రోజంతా ఆలోచించి ఒప్పుకున్నారు.

పంపించే ముందు కేంద్రం వాళ్ళు మా ఇంటికి వచ్చి చూశారు. తోట చుట్టూ ఉన్న ముళ్ళ కంచెను చూడగానే అది ఉంటే గుర్రాన్ని ఇవ్వబోమన్నారు. ఎనుము ముళ్ళ తీగ తగిలితే ఆగుతుంది, గుర్రం బెదిరితే దాంట్లోకి దూసుకుపోయి కాళ్ళు చీల్చుకుంటుంది. గడ్డి నేల వరకు ముళ్ళ తీగ పీకించి కట్టె దూలాలతో కంచె వేయించాము. కొట్టంలో మల్లికి 12 అడుగుల పొడవు, అంతే వెడల్పు చోటు కేటాయించి, ఎండకు కాగే రేకులు తీసేసి బోద కప్పించాము. ఆ తరువాత వచ్చింది మా అత్తకు కష్టమైన సంగతి. వాకిట్లో ఆమె పూజకు కోసుకునే గన్నేరు చెట్లు నాలుగున్నాయి. గన్నేరు ఆకు గుప్పెడు కడుపులోకి పోయినా గుర్రం గుండె ఆగిపోతుంది. పొలం గట్ల మీద మా మామ ఎప్పుడూ వేసే ఆముదాల గింజలు కూడా గుర్రానికి విషమే. మా మామ ఆముదం మొక్కలను ఒక్క పూటలో పీకేశారు. అత్త మాత్రం రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండి, మూడో రోజు పొద్దున తానే గొడ్డలి తీసుకుని గన్నేరు కొట్టేసింది. ఆ చోట ఇప్పుడు మందార ఉంది.

గుర్రాలకు గ్లాండర్స్ అనే రోగం వస్తుంది, అది మనుషులకు కూడా సోకి ప్రాణం తీయగలదు. మన దేశంలో గుర్రాల రోగాలకు పెద్ద పరిశోధన కేంద్రం హర్యానాలోని హిసార్‌లో ఉంది. రెండింటి రక్తం పరీక్షించి ఆ రోగం లేదని తేలిన తరువాతనే పశువైద్యుని ధ్రువపత్రంతో బండి కదిలింది. కార్తీక మాసం కావడంతో ఎండ లేదు. అయినా రాత్రే బయలుదేరి, బాగేపల్లి దాటాక ఒకసారి, పెనుకొండ దగ్గర మరొకసారి ఆపి నీళ్ళు చూపించాము. తెల్లవారుజామున కొట్టం ముందు తలుపు తెరిచినప్పుడు గుండ తానే దిగి వచ్చింది. మల్లి మాత్రం తలుపు అంచున నిలబడి, చీకట్లో కనబడని కుడివైపుకు చెవి తిప్పి, పావుగంట సేపు విన్నది. ఎవరమూ లాగలేదు. గుండ కొట్టంలో నుంచి అరిచిన తరువాత దిగింది.

బరువు తెలుసుకోవడానికి డాక్టరు గారు ఒక లెక్క నేర్పారు. ముందు కాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, భుజం నుంచి పిరుదు దాకా ఉన్న పొడవుతో మళ్ళీ హెచ్చించి, సెంటీమీటర్లలో వచ్చిన ఆ మొత్తాన్ని 11,877తో భాగిస్తే కిలోలలో బరువు వస్తుంది. వచ్చిన రోజు మల్లి ఛాతీ 150, పొడవు 138 సెంటీమీటర్లు. అంటే 261 కిలోలు. గుర్రం తన బరువులో నూటికి రెండు వంతుల ఎండు మేత తినాలి కాబట్టి రోజుకు ఐదారు కిలోల గడ్డి, అదీ ఒక్కసారి కాకుండా నాలుగైదు విడతలుగా పెట్టాలి. దాని కడుపు చిన్నది, కొంచెం కొంచెంగా రోజంతా మేసేలా పుట్టింది. గుర్రమంటే ఉలవలే అనుకున్న మా అత్త మొదటి రోజే రెండు శేర్లు ఉడకబెట్టింది. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు కదమ్మా, నా చేతిలో తక్కువ కానీను" అంది. డాక్టరు గారు ఆమెను నొప్పించకుండా దాన్ని అరకిలోకు తగ్గించి, రెండు పూటలకు పంచి పెట్టమన్నారు. తవుడు ఎక్కువైతే ఎముకల్లోని సున్నం కరిగిపోతుందని, అందుకు బదులు లూసర్న్ గడ్డి వేయమని చెప్పారు. కోళ్ళ దాణాను మాత్రం గుర్రం మూతి అందే చోట కూడా ఉంచవద్దన్నారు. దాంట్లో కలిపే కొన్ని మందులు కోడికి మేలు చేసినా గుర్రాన్ని చంపుతాయి.

ఇంత చెప్పినా ఒక తప్పు చేశాము. సంక్రాంతి దాటిన వారం ఎండు గడ్డి అయిపోవస్తే, ఎనుములకు వేసే శెనక్కాయ కట్టెనే మల్లికి కూడా నాలుగు రోజులు వేశాము. అనంతపురంలో పశువుకు అంతకంటే మంచి మేత ఏముంటుందని అనుకున్నాము. నాలుగో రాత్రి పది దాటాక గుండ అదే పనిగా అరుస్తుంటే దీపం పట్టుకుని వెళ్ళాను. మల్లి ముందరి కాలితో నేలను తవ్వుతోంది. తవ్వడం ఆపి, తల వెనక్కు తిప్పి తన డొక్కవైపు చూసుకుని, మళ్ళీ తవ్వుతోంది. మెడ చెమటతో తడిసింది. పొద్దున వేసిన మేత అలాగే ఉంది, సాయంత్రం నుంచి పేడ వేయలేదు. దవడ ఎముక కింద వేలు పెట్టి నాడి లెక్కపెట్టాను. నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 వరకు కొట్టుకోవలసిన నాడి 64 కొట్టుకుంటోంది.

మా మామ అప్పటికే వెదురు గొట్టంలో నువ్వుల నూనె పోసుకుని వచ్చారు. "ఎనుములకు పోసినట్ల పోస్తే అరగంటలో దిగిపోతాది" అన్నారు. యాభై ఏళ్ళు పశువులను బతికించుకున్న మనిషి ఆయన, ఆ మాటను నేనెలా కాదనను? డాక్టరు గారికి ఫోన్ అందకపోతే వేరే ఒక వైద్యశాలకు చేశాము. తాము గుర్రాలను చూడబోమని ఫోన్ పెట్టేశారు. మూడోసారికి డాక్టరు గారు పలికారు. గొట్టం మాట వినగానే గట్టిగా అరిచారు: "నోట్లో చుక్క పోయొద్దు! గుర్రానికి కక్కడం రాదు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. పొర్లనీయకుండా మెల్లగా నడిపించండి, వస్తున్నాను." మా మామ గొట్టాన్ని గోడకు ఆనించి, తానే తాడు పట్టుకుని మల్లిని కొట్టం ముందు అటూ ఇటూ నడిపించారు. నలభై నిమిషాలకు డాక్టరు గారు వచ్చి, నొప్పికి సూది వేసి, ముక్కు రంధ్రంలో నుంచి సన్నని గొట్టాన్ని కడుపు దాకా దించి పారఫిన్ నూనె పంపించారు. ఆ తరువాత ఎదురుచూడడమే. మా అమ్మాయి దుప్పటి కప్పుకుని గడప మీద కూర్చుంది. ఎంత చెప్పినా లోపలికి పోలేదు. నాలుగు కావస్తుండగా మల్లి పేడ వేసింది. ఆ శబ్దం విని మా అత్త చేతులెత్తి కదిరి నరసింహస్వామికి దండం పెట్టింది.

పొద్దున్నే డాక్టరు గారు రెండు ఉండల పేడను గాజు సీసాలో వేసి, నీళ్ళు పోసి ఊపి, కిటికీలో పెట్టారు. పావుగంటకు అడుగున వేలెడు మందం ఎర్ర మట్టి పేరుకుంది. శెనక్కాయ చెట్టును వేళ్ళతో సహా పీకి ఆరబెడతాము కాబట్టి కట్టెకు మట్టి అంటుకునే ఉంటుంది. ఎనుము దాన్ని తట్టుకుంటుంది, గుర్రం పేగుల్లో అది కూర్చుండిపోతుంది. అప్పటి నుంచి మల్లి మేత నేల మీద వేయడం లేదు. ఎండు గడ్డిని దులిపి, చిన్నగా కోసి, నీళ్ళు చల్లి తొట్టిలో పెడుతున్నాము. ఆ సీసాను మా ఆయన నెల రోజులు కిటికీలో నుంచి తీయనివ్వలేదు.

ఆ నెలలన్నీ పిల్లలు మల్లిని ఎక్కలేదు. వాళ్ళకు దక్కింది పనే. ఎప్పుడూ ఎడమవైపు నుంచి, పేరు పిలుస్తూ దగ్గరికి పోవాలి. వెనుక నుంచి పోకూడదు. తాడును చేతికి చుట్టుకోకూడదు, గుర్రం బెదిరితే చేయి దాంతోపాటే పోతుంది. రోజూ నాలుగు గిట్టలూ ఎత్తి కొక్కెంతో రాళ్ళు తీయాలి. మా గరప నేలలో ఇది ఒక్క రోజు మానినా కుంటుతుంది. మొదట్లో మల్లి వెనుక కాళ్ళు ఇచ్చేది కాదు. అబ్బాయి ఒకరోజు దాని ఎడమ భుజానికి ఆనుకుని కూర్చుని, బడిలో నేర్పిన పద్యాలు ఒక్కొక్కటే చదువుతూ బ్రష్‌తో రుద్దుతున్నాడు. మూడో పద్యం దగ్గర మల్లి కింది పెదవి జారిపోయి, వెనుక కాలు ఒకటి సడలి, గిట్ట కొన మాత్రం నేలకు ఆనింది. గుర్రం నిజంగా నిమ్మళించినప్పుడే అలా నిలబడుతుందట. మరునాటి నుంచి కాళ్ళు ఇచ్చింది. ఆరేడు వారాలకొకసారి గిట్టలు కోసి సరిచేసే సాయబు కూడా వాడిని పక్కన నిలబెట్టుకునే పని చేస్తాడు. గట్టి రోడ్డు మీద పని లేదు కాబట్టి లాడాలు కొట్టించలేదు.

మాఘ మాసంలో మా ఊళ్ళో ఒక పెండ్లి జరిగింది. ఊరేగింపు మా ఇంటి ముందు నుంచి పోతోంది. బ్యాండు మేళం మలుపు తిరిగి దగ్గరకు రాగానే కొట్టం ముందు నిలబడి ఉన్న మల్లి ముందరి కాళ్ళను ఒకదాని తరువాత ఒకటి ఎత్తి వేయడం మొదలుపెట్టింది. మెడ వంచింది, డ్రమ్ము దెబ్బకు సరిగ్గా అడుగు పడుతోంది. గోడ మీద నుంచి చూస్తున్న జనం చప్పట్లు కొట్టి, ఫోన్లు తీశారు. మా అబ్బాయి కూడా సంతోషంతో ఎగిరాడు. అమ్మాయి మాత్రం మల్లి ఎడమవైపుకు పోయి దాని మెడ మీద చేయి వేసి, నావైపు తిరిగి, "అమ్మా, ఆడడం కాదు ఇది, వణుకుతాంది" అంది. నేను పోయి చేయి వేశాను. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది, కనబడే ఎడమ కంటిలో తెల్లగుడ్డు తిరిగి ఉంది, పొట్ట కింద నుంచి చెమట కారుతోంది. ఆ అడుగులు దెబ్బలతో నేర్పినవి. మేళం ఆగకముందే అడుగు ఆపితే ఏం జరిగేదో దాని ఒంటికి ఇంకా గుర్తుంది. గుండను తెచ్చి పక్కన నిలబెట్టి, ఇద్దరినీ తోట చివరికి తీసుకుపోయాము. మేళం పూర్తిగా దూరమయ్యాక కూడా చాలాసేపు ఆ కాళ్ళు నిలవలేదు. మా ఆయన మర్నాడు ఊళ్ళో పెద్దమనుషులతో మాట్లాడారు. అప్పటి నుంచి పెండ్లి ఊరేగింపులు మా ఇంటికి ముందున్న మలుపు దగ్గర మేళం ఆపి, దాటిన తరువాత మళ్ళీ మొదలుపెడుతున్నాయి. ఊరి వాళ్ళు ఆ మాట కాదనకపోవడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

వేసవి సెలవుల్లో పిల్లలిద్దరినీ బెంగళూరులో మా తమ్ముని ఇంట్లో ఉంచి, రెండు వారాలు స్వారీ శిక్షణకు పంపాము. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 37 డిగ్రీలు మించే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని చేసే జంతువులను వాడకూడదని ఆ 1965 నియమాలే చెబుతున్నాయి. మేము మల్లిని వేసవిలో ఏ పనికీ కదిలించలేదు. వేపచెట్టు నీడ, ఉప్పుగడ్డ, రోజుకు నలభై లీటర్ల దాకా నీళ్ళు ఇచ్చి ఊరుకున్నాము.

శ్రావణంలో డాక్టరు గారు వెన్ను నొక్కి చూసి, నడిపించి చూసి, ఇక ఎక్కవచ్చునన్నారు. అప్పటికి ఛాతీ కొలత 160 సెంటీమీటర్లు, బరువు 297 కిలోలు అయింది. ముసలి గుర్రం మీద జీనుతో కలిపి దాని బరువులో నూటికి పదిహేను వంతులు మించకూడదని, అంటే 44 కిలోలు దాటకూడదని గీత గీశారు. జీను 6 కిలోలు. అమ్మాయి 33, అబ్బాయి 23. పెద్దవాళ్ళం ఎవరమూ ఏనాడూ ఎక్కకూడదు. నోటి గాయాల వల్ల కళ్ళెం వేయలేదు, నోట్లో ఇనుము లేని తలతాడే కట్టాము. తలకు స్వారీ హెల్మెట్లు, కాళ్ళకు రికాబులో ఇరుక్కోకుండా మడమ ఉన్న బూట్లు తెచ్చాము. అమ్మాయి బల్ల మీద నుంచి మెల్లగా కాలు వేసి కూర్చుంది. మా ఆయన తాడు పట్టుకున్నారు, గుండ ముందు నడిచింది. చీనీ చెట్ల సాళ్ళ మధ్య పది నిమిషాలు, అంతే. మల్లి చెవులు ముందుకు ఒకసారి, మీద ఉన్న పిల్లవైపుకు ఒకసారి తిప్పుకుంటూ నడిచింది. మలుపు దగ్గర అమ్మాయి ఒకవైపుకు ఒరిగితే అది ఆగిపోయి, ఆమె సర్దుకునేదాకా నిలబడి, తరువాత కదిలింది. డాక్టరు గారు మొదటి రోజు ఫోన్లో చెప్పిన మాటకు అర్థం అప్పుడు తెలిసింది.

ఖర్చు గురించి అడిగేవాళ్ళకు నా లెక్క ఇది. గడ్డి కొంత సొంతమైనా రెండింటికీ నెలకు ఎనిమిది వేల దాకా అవుతోంది. మేత, గిట్టలు, నట్టల మందు, ఏటా ధనుర్వాతం, రేబిస్ టీకాలు అందులోనే. గుర్రానికి ధనుర్వాతం తొందరగా పట్టుకుంటుంది కాబట్టి ఆ టీకా తప్పించరాదు. గాడిదల ఊపిరితిత్తుల్లో ఉండే పురుగులు గుర్రానికి అంటుకుంటాయి కనుక గుండకూ అదే రోజు మందు పడుతుంది. రాత్రి పూట వైద్యుడు వస్తే అది వేరే. ఒక పంట పోయినా ఇది ఆగదు. అది తెలిసి దిగాలి.

పోయిన ఏడాది చివర్లో మల్లి తోక కింద బఠానీ గింజంత నల్లని గడ్డలు మూడు కనిపించాయి. మల్లిలా తెల్లగా కనబడే గుర్రాలు చాలావరకు పుట్టినప్పుడు ముదురు రంగులోనే ఉంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ వెంట్రుక తెల్లబడుతుంది, చర్మం మాత్రం నల్లగానే ఉండిపోతుంది. పదిహేనేళ్ళు దాటిన తరువాత వాటిలో ఎక్కువవాటికి ఇలాంటి గడ్డలు వస్తాయట. చాలాసార్లు అవి మెల్లగా పెరుగుతాయి, ఒక్కోసారి లోపలికి పాకుతాయి. మూడు నెలలకొకసారి కొలిచి రాసి పెట్టుకుంటున్నాము. ఏ స్థితి వస్తే ఇక బాధ పెట్టకుండా సాగనంపాలో, ఎక్కడ పూడ్చాలో ముందే అనుకోమని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట పిల్లల దగ్గర దాచకూడదని నేను పట్టుబట్టాను. గడ్డి నేల చివర, బోరుకు దూరంగా, కానుగ చెట్టు దగ్గర చోటు చూశాము. చోటు చెప్పింది అమ్మాయే.

ఆమెకు ఇప్పుడు పన్నెండేళ్ళు. ప్రతి నెలా మొదటి ఆదివారం, శెనక్కాయ మూటలు తూచే కాటా మీద జీను పట్టుకుని నిలబడుతుంది, తమ్ముడు ముల్లు చదువుతాడు. రెండు నెలల కిందట 43 వచ్చింది. పోయిన నెల నలభై నాలుగుకు ఒక వెంట్రుక తక్కువ. ఈ నెల ముల్లు 45 దగ్గర ఆగింది. వాడు మళ్ళీ చూసి మెల్లగా చెప్పాడు. ఆమె కాటా దిగి, జీనును మల్లి వీపు మీద ఎప్పటిలాగే వేసి, నడుము పట్టీ బిగించి, వెన్నెముకకు జీనుకు మధ్య రెండు వేళ్ళు దూరుతున్నాయో లేదో చూసింది. తరువాత తన హెల్మెట్ తీసి తమ్ముని తలకు పెట్టి, గడ్డం కింద పట్టీని వాడి కొలతకు సర్దింది. బల్ల మీది నుంచి వాడు ఎక్కి కూర్చున్నాక, తాడును చుట్టుకోకుండా మడిచి పట్టుకుని, మల్లికి ఎడమ పక్కన నడిచింది.